కృష్ణగిరిలో పోయిన రెండు

ఆ ఏడాది మా కాలేజీలో పోయినవాటి లెక్క ముందు చెబుతాను. థర్మామీటర్లు మూడు: రెండు పగిలాయి, మూడోది ఎవరి చంకలో మరిచిపోయామో ఇప్పటికీ తేలలేదు. పాఠం కోసం తెచ్చిన బొమ్మ పేషెంటు ఎడమ చెయ్యి ఒకటి. నా తెల్ల చొక్కా ఒకటి, అయోడిన్ పడి. నా కుడి చేతి మీది వెంట్రుకలు, ఎన్నో చెప్పలేను. ప్లాస్టరు పీకేటప్పుడు ఎంచే తీరిక దొరకలేదు. నా పేరు కూడా పోయింది. చేరిన కొన్ని నెలలకే పిల్లలందరూ నన్ను ‘పేషెంటు సార్’ అనడం మొదలుపెట్టారు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఒక రెండు. రెండు వస్తువులు కాదు, రెండు అనే అంకె. అది కృష్ణగిరిలో, ఒక ఆస్పత్రి వార్డులో, పట్టపగలు, ఇద్దరు ఉపాధ్యాయులు వాకిట్లో కాపలా ఉండగానే పోయింది. నర్సింగులో చేరాలనుకునే పిల్లలు మా వీధిలోనే నలుగురున్నారు. ఎంట్రన్సు పుస్తకాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. తమిళనాడు హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో నట్లు, బోల్టులు ఎంచి ఇవ్వడం నా ఉద్యోగం. లెక్కలు నాకు మాస్టర్లు నేర్పలేదు, బోల్టులే నేర్పాయి. గుప్పెడు బోల్టులు తూకం వేసి బస్తాలో ఎన్ని ఉన్నాయో చెప్పేవాణ్ణి. తర్వాత ఆ పని చేసే యంత్రం వచ్చింది. యంత్రం టీ తాగదు, సెలవు అడగదు. నేనే పెద్దమనిషిలా తప్పుకుని స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని మా ఆవిడ కూరగాయల లెక్కలు తనిఖీ చేస్తుంటే, ఆమె నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు బయటికి పంపింది.

అప్పుడే మత్తిగిరిలో, పశువుల ఫారం దాటాక, ఒక అద్దె ఇంట్లో నడిచే కమ్యూనిటీ కాలేజీవాళ్లు లెక్కలు చెప్పే మనిషి కావాలన్నారు. ప్లస్ టూ తర్వాత చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు అక్కడ ఒక ఏడాది తర్ఫీదు. ఏడాది చివర కృష్ణగిరిలోని ఒక నర్సింగు కాలేజీవాళ్లు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను బీయస్సీ నర్సింగులో చేర్చుకునేవారు. పరీక్ష రెండు భాగాలు: ఒకటి కాగితం మీద, ఒకటి వార్డులో, ప్రాణమున్న పేషెంటు మీద. మందు ఎన్ని మిల్లీ లీటర్లు ఇవ్వాలి, సెలైను నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి, ఈ లెక్కలు చెప్పడం నా వంతు. బోల్టులకూ చుక్కలకూ నాకు పెద్ద తేడా కనబడలేదు.

మిగతాదంతా నేర్పేది ఒక సిస్టరమ్మ. ప్రభుత్వ ఆస్పత్రుల్లో బతుకంతా పనిచేసి రిటైరైన మనిషి. ఆమె ‘నిశ్శబ్దం’ అంటే ఫ్యాను కూడా నెమ్మదించినట్టు అనిపించేది. ఫారంలోని ఎద్దులు మాత్రం ఆమె మాట వినేవి కావు. పిల్లల చెవుల్లో స్టెతస్కోపు పెట్టి “గుండె చప్పుడు వినండి” అనగానే గోడ అవతల ఒక ఎద్దు రంకె వేసేది. ఒక పిల్ల భయపడి స్టెతస్కోపు విసిరేసింది కూడా.

బొమ్మ పేషెంటు చెయ్యి ఊడిన రోజు ఆమె నా గదిలోకి వచ్చింది.

“లెక్కల సార్, మీకు క్లాసు ఎప్పుడు?”

“మధ్యాహ్నం, సిస్టరమ్మా.”

“పొద్దున సుమ్మనే కూర్చోనుండేదానికి బదులు సుమ్మనే పండుకోండి. రాండి.”

‘సుమ్మనే’ అంటే మా వైపు ఊరికే అని. అలా నేను పేషెంటునయ్యాను. పొద్దున మంచం మీద, మధ్యాహ్నం నల్లబల్ల దగ్గర. నా నాడి పట్టని చెయ్యి ఆ కాలేజీలో లేదు.

ఆ చేతుల్లో ఒకటి డెంకణికోట అవతల అడవి అంచు ఊరి అమ్మాయిది. గొర్రెల కాపరుల ఇల్లు. ప్లస్ టూ మంచి మార్కులతోనే ముగించింది గాని, తర్వాత కొన్నేళ్లు రోజాపూల షెడ్డులో పనికి పోయింది. అక్కడ ముళ్లు గీరిన గీతలు మోచేతుల దాకా ఉండేవి. మా దగ్గరికి వచ్చేసరికి కృష్ణగిరి కాలేజీవాళ్ల వయసు హద్దుకు ఆమెకు మిగిలింది ఆ ఒక్క ఏడాదే. ఆ ఏడాది తప్పితే మళ్లీ షెడ్డే. ఈ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ నేను అడిగితే.

“నర్సే ఎందుకు కావాలమ్మా?” అన్నాను.

“మా ఊరికి వచ్చే నర్సమ్మ బస్సు దిగేది దిగి, అదే బస్సులో ఎక్కి పోతాది సార్. నేనైతే దిగినాక ఉంటాను.”

మొదటిసారి నా నాడి చూసినప్పుడు ఆమె పెదవులు కదిలిన తీరు వింతగా అనిపించింది. గడియారం నిమిషం తిరిగాక చెప్పింది: “ముప్పయ్నాలుగు జతలు సార్.”

“జతలేంది?”

“మంద దొడ్డిలోకి పోయేటప్పుడు మేము జతలే ఎంచేది. రెండుకి ఒకటి. రెండు పెట్టి హెచ్చిస్తే అరవై ఎనిమిది.”

సరిగ్గా అరవై ఎనిమిదే. నా నాడి నాకు తెలియదా? నాకు ఆ పద్ధతి తెగ నచ్చేసింది. స్టోర్సులో నేనూ చిన్న బోల్టులు రెండేసి జరిపి ఎంచేవాణ్ణి. వేగం ఎక్కువ, తడబాటు తక్కువ. “భేష్! ఇట్లాగే ఎంచు. చివర్లో రెండు పెట్టి హెచ్చించేది మాత్రం మరిచిపోవద్దు” అన్నాను. ఇది నా పాఠం.

సిస్టరమ్మ పాఠం వేరు. వార్డులో నలభై మంది పేషెంట్లు ఉంటే ఒక్కొక్కరికి నిమిషం ఎక్కడ పెడతాం? అర నిమిషం ఎంచి, రెండు పెట్టి హెచ్చించండి అని ఆమె చెప్పేది. అదీ తప్పు కాదు, ఎన్నో వార్డుల్లో అలాగే చేస్తారు. పొద్దున ఆమె ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఆమె పద్ధతిలో ఒంటివిగా అర నిమిషం ఎంచేది. మధ్యాహ్నం నా దగ్గర నా పద్ధతిలో జతలుగా నిండు నిమిషం ఎంచేది. రెండు చోట్లా జవాబు సరిగ్గా వచ్చేది. రెండు చోట్లా చివరి మాట ఒక్కటే: రెండు పెట్టి హెచ్చించు. మా ఇద్దరికీ ఒకరి పాఠం ఒకరికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పొద్దున క్లాసులో నేను కళ్లు మూసుకుని పండుకునేవాణ్ణి, మధ్యాహ్నం నా క్లాసులో సిస్టరమ్మ కుర్చీలో కళ్లు మూసుకునేది.

కాగితం పరీక్ష ఆ అమ్మాయి సులువుగా దాటింది. వార్డు పరీక్ష రోజు పొద్దున్నే కృష్ణగిరి బస్సెక్కాం. మామిడికాయల కాలం. పై అరలో ఎవరిదో గంప వాసనకు బస్సంతా నోరూరుతోంది. సీటులో ఆ అమ్మాయి మధ్యన, ఒక పక్క సిస్టరమ్మ, ఒక పక్క నేను. ముందు సీటులో వాళ్ల నాయన, భుజాన కంబళితో. ఇంత ఎండలో కంబళి ఎందుకన్నా అంటే, “దూరం పోతా ఉండాము గదప్పా” అన్నాడు.

దారి పొడవునా ఇద్దరం ఆమె చెరో చెవిలో సలహాలు పోశాం.

“టైము పోగొట్టుకోవద్దు బిడ్డా. ఒక్కొక్క పేషెంటుకు ఇంతే అని ఉంటాది. నాడి అర నిమిషమే” అంది సిస్టరమ్మ ఎడమ చెవిలో.

“కంగారులో ఒంటివి ఎంచితే తప్పుతాది. నీ జతలు నువ్వు ఎంచుకో” అన్నాను నేను కుడి చెవిలో.

బస్సు చప్పుడులో ఆమె మాట నాకు వినబడలేదు, నా మాట ఆమెకు వినబడలేదు. మధ్యనున్న అమ్మాయికి మాత్రం రెండూ వినబడ్డాయి. ఆమె బుద్ధిగా రెండు వైపులా తల ఊపింది.

ఆస్పత్రిలో పరీక్ష పెట్టే మేడమ్ సన్నగా, పొడుగ్గా, గడియారం ముల్లులా ఉండేది. అభ్యర్థులు ఆరుగురు, తలా ఒక పేషెంటు. నాడి, జ్వరం, బీపీ చూసి చీటీ మీద రాసి బల్ల దగ్గరి చిన్న సిస్టరుకు ఇవ్వాలి. మా ముగ్గురినీ వరండాలోనే ఆపారు. కిటికీలోంచి అంతా కనబడుతోంది. వాళ్ల నాయన మంచాలను, సెలైను గొట్టాలను చూసి గుసగుసగా అన్నాడు: “ఏమప్పా, మనుషుల్ని ఇట్ల కట్టేసినారు!”

మా అమ్మాయికి వచ్చింది ఒక ముసలాయన. మామిడితోటల మనిషి. వాంతులై చేరాడు, అప్పటికి తేరుకున్నాడు, మరుసటి రోజు ఇంటికి పంపుతామన్నారు. మంచం పక్కన ఆయన భార్య విసనకర్రతో. మా అమ్మాయి ఆయన చెయ్యి అందుకుని మూడు వేళ్లు పెట్టింది. పెదవులు కదిలాయి. అర నిమిషం. రాసింది. చీటీ ఇచ్చి పక్కకు వచ్చి నిలబడింది. కిటికీ వైపు చూసి, అయిపోయిందన్నట్టు కొంచెం నవ్వింది కూడా. మేమిద్దరమూ నవ్వాం.

బల్ల దగ్గరి చిన్న సిస్టరు చీటీ చూసి లేచి నిలబడింది. నాడి ముప్పయ్యారు.

తెలియనివాళ్లకు చెబుతాను. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు నాడి నిమిషానికి అరవై నుంచి వంద దాకా ఉంటే సరి. ముప్పయ్యారంటే ఆ వార్డులో ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. ఆ చిన్న సిస్టరు తన డ్యూటీ తాను చేసింది. డాక్టరుకు ఫోను చేసింది, కేక వేసింది. ఒకరు ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుని వచ్చారు, ఒకరు గుండె పరీక్ష యంత్రం తోసుకుని వచ్చారు. మేడమ్ వార్డు అవతలి చివర ఇంకో అభ్యర్థి దగ్గర ఉంది. అంతా వచ్చి మంచం చుట్టూ నిలబడేసరికి ముసలాయన అరటిపండు తింటున్నాడు.

“ఎవరికప్పా ఇదంతా?” అన్నాడు.

“మీకే తాతా. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. కదలొద్దు.”

అరటిపండు కింద పడింది. భార్య విసనకర్ర కింద పడేసి శోకాలు మొదలుపెట్టింది. “పొద్దున్నే చెప్తిని, కాకి అరిసిందని చెప్తిని!” ముసలాయన ఒకసారి సిలిండరును చూశాడు, ఒకసారి భార్యను చూశాడు. రెండింటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో గాని, మంచం దిగి, చక్రాల సెలైను స్టాండును చేత్తో పట్టుకుని, గడగడమని వాకిలి వైపు పరుగు తీశాడు. వెనక నలుగురు సిస్టర్లు. “తాతా, నిలబడండి! పరుగెత్తకూడదు!” వాళ్లు అరిచేకొద్దీ ఆయన వేగం పెరిగింది. నాడి ముప్పయ్యారు ఉన్న మనిషి అంత వేగంగా పోవడం వైద్యశాస్త్రంలో అదే మొదటిసారి అనుకుంటాను.

వాకిట్లో సిస్టరమ్మా నేనూ చేతులు చాపి అడ్డం నిలబడ్డాం. ఆయన మమ్మల్ని చూసి ఇంకో వైపు తిరిగాడు. అప్పుడు మా అమ్మాయి ఆయన వెంట పడకుండా మంచాల మధ్యనుంచి నడిచి, ఆయన పోయే దారికి ముందుకు వచ్చింది. ఎదురుగా నిలబడలేదు, పక్కకు తిరిగి నిలబడింది. ఆయన మొహం వైపు కూడా చూడలేదు. నా పక్కన వాళ్ల నాయన, బెదిరిన గొర్రెను ఆపేవాడిలా, “ఆ, అట్లే. కంట్లోకి చూడొద్దు” అని తనలో తాను అనుకున్నాడు.

ముసలాయన వేగం తగ్గింది.

“యాడికి తాతా?” అంది, ఎక్కడో చూస్తూ.

“ఇంటికి! నా గుండె ఆగిపోతా ఉండాదంట!”

“ఆగిపోతా ఉంటే ఇంత పరుగు యాడనుంచి వచ్చింది తాతా?”

ఆయన ఆలోచించాడు. “అవును గదా” అన్నాడు.

“తోటలో కాయలు కోసినారా?”

“సగం కోసినారు. నేను లేకుంటే పచ్చివే కోసేస్తారు, దొంగలు.”

“రేపు పోయి తిడుదురు. రాండి.” స్టాండు తాను పట్టుకుని, మోచేతి కింద చెయ్యి వేసి, మంచం దాకా నడిపించుకుని వచ్చింది. శోకాలు పెడుతున్న భార్యతో, “అవ్వా, విసనకర్ర ఎత్తుకో. ఆయనకు చెమట పట్టింది” అంది. పని దొరకగానే ఆవిడ ఏడుపు ఆగింది.

డాక్టరు వచ్చి చూశాడు. యంత్రం పెట్టారు. ముసలాయనకు ఆయాసం తప్ప ఇంకేమీ లేదని తేలింది. అప్పుడు మేడమ్ చీటీని రెండు వేళ్లతో పట్టుకుని మా అమ్మాయి ముందుకు వచ్చింది. ఆమె మాట్లాడింది తమిళంలో, నేను మన మాటలో రాస్తున్నాను.

“ముప్పయ్యారు. ఎలా వచ్చింది?”

“పద్దెనిమిది ఎంచినాను మేడమ్. రెండు పెట్టి హెచ్చించినాను.”

“అర నిమిషంలో పద్దెనిమిదేనా?”

“పద్దెనిమిది జతలు మేడమ్.”

జతలకు ఒకసారి, అర నిమిషానికి ఒకసారి హెచ్చించి ఉంటే డెబ్బై రెండు వచ్చేది; ఆమె ఒక్కసారితో ఆగింది. “నీకు నేర్పింది ఎవరు?” అంది మేడమ్. అమ్మాయి ఒకరి పేరు చెబితే ఇంకొకరికి బాధ అనుకుందేమో, కిటికీ వైపు చూసింది. మా ఇద్దరినీ లోపలికి పిలిపించారు.

“నేను చెప్పింది అర నిమిషం. అందుకు ఒక రెండు” అంది సిస్టరమ్మ. “జతలంట! జతలు ఎవరు చెప్పినారు? చెప్పులా అవి?”

“జతలకు ఒక రెండు నేనూ చెప్పినాను గదమ్మా. నిండు నిమిషానికి.”

“నా రెండు ఉండాది. మీ రెండు యాడ పోయింది సార్?”

“ఉండేది నా రెండే. పోయింది మీదే.”

ముసలాయన మంచం మీదనుంచి వింటూ, “ఏమి పోయిందప్పా?” అన్నాడు. ఆయన భార్య, “వాళ్లది ఏదో పోయిందంట, నువ్వు పండుకో” అంది.

మేడమ్ చెయ్యెత్తింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. “మళ్లీ చూడు” అంది అమ్మాయితో. “నిండు నిమిషం. ఒక్కొక్కటిగా. జతలు వద్దు, హెచ్చించడం వద్దు.” తాను ముసలాయన రెండో చెయ్యి పట్టుకుంది.

ఆ నిమిషం ఎంత పొడుగు నిమిషమో చెప్పలేను. ఒక్కొక్క సంఖ్యకూ అమ్మాయి పెదవి కదిలింది. కిటికీ అవతల వాళ్ల నాయన కంబళి అంచు పట్టుకుని మెలిపెడుతున్నాడు.

“నూటపదకొండు మేడమ్.”

మేడమ్ కనుబొమ్మలు లేచాయి. “ఇవీ జతలేనా?”

“లేదు మేడమ్, ఒంటివే. తాత పరుగెత్తినాడు గదా.”

మేడమ్‌కు కూడా నూటపదకొండే వచ్చింది. చీటీ మీద ముప్పయ్యారు కొట్టేసింది. నూటపదకొండు రాయలేదు. మార్కుల ప్రకారం అయితే ఆ చీటీకి సున్నా. అది నాకూ తెలుసు, అమ్మాయికీ తెలుసు. ఆమె అప్పుడే రోజాల షెడ్డులోకి వెనక్కి నడుస్తున్నట్టు మొహం పెట్టింది.

“చేరేలోపల నువ్వు వంద మంది నాడి చూసి రాసుకుని రా” అంది మేడమ్ చివరికి. “ఒక్కొక్కరికీ నిండు నిమిషం, ఒక్కొక్కటిగా. వంద అయితేనే క్లాసులోకి రా. లెక్క నేను నేర్పుతాను.” తర్వాత మా వైపు తిరిగింది. “వీళ్లిద్దరినీ మాత్రం మళ్లీ నా వార్డులోకి రానీయొద్దు.”

అమ్మాయికి సీటు వచ్చిందని సిస్టరమ్మకు వరండాలోకి వచ్చాక గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను తిట్టడం ఆపి కళ్లజోడు తుడుచుకుంది. తుడుచుకున్నాక మళ్లీ తిట్టింది.

వంద నాడులు అంటే తేలిక అనుకోవద్దు. నిమిషం పాటు కదలకుండా, మాట్లాడకుండా చెయ్యి ఇచ్చేవాడు మన వైపు ఎక్కడ దొరుకుతాడు? రోజాల షెడ్డులో తోటివాళ్లు ఇచ్చారు. మా ఇంట్లో ఇచ్చారు. మా ఆవిడ నాడి నేను పక్కనుంటే ఎక్కువ, వంటింట్లోకి పోతే తక్కువ. అప్పటికీ చాలా మిగిలాయి. చివరికి నాకు తోచింది: జూజువాడి చెక్‌పోస్టు. కర్ణాటక సరిహద్దు గదా, అక్కడ లారీలు వరసగా నిలబడి ఉంటాయి. డ్రైవర్లకు పనిలేదు, కదిలే వీలు లేదు, చేతులు ఎలాగూ కిటికీ బయటే వేలాడుతుంటాయి. నేను గొడుగు పట్టాను, ఆమె లారీ లారీకీ నాడి పట్టింది. పంజాబు చెయ్యి, సేలం చెయ్యి, ఒంగోలు చెయ్యి. ఒక డ్రైవరు, “అమ్మా, నాకు పెళ్లవుతాదా చూడు” అన్నాడు. “డెబ్బై నాలుగు అన్నా” అంది. “అంత వయసులోనా!” అని దిగులుపడ్డాడు.

తొంభై తొమ్మిది అయ్యాయి. వందోది నాయనదని ఆమె మొదటినుంచే పక్కన పెట్టుకుంది. దాని కోసం నేనూ వాళ్ల ఊరికి పోయాను. ఆయన మందను దొడ్డిలోకి తోలి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కూతురు చెయ్యి అడిగితే సంతోషంగానే చాపాడు.

“జతలే గదా ఎంచేది?” అన్నాడు.

“లేదు నాయనా. మేడమ్ ఒంటివే ఎంచమన్నారు.”

చెయ్యి వెనక్కి పోయింది.

“ఒంటిగా ఎంచితే ఒంటిగా మిగుల్తాయి. మా తాత కాలంనుంచీ జీవాల్ని ఒంటిగా ఎంచింది లేదు. గొర్రెనే ఒంటిగా ఎంచనోణ్ణి గుండెను ఎంచనిస్తానా? మీ అమ్మ పోయినాక ఇంట్లో నేనూ నువ్వూ ఒక జత. నువ్వు రేపు కృష్ణగిరికి పోతా ఉండావు. ఇప్పుడు నన్ను ఒంటిగా ఎంచుతావా?”

ఆమె లేచి నాకు మజ్జిగ తెచ్చింది. అది తాగి వచ్చేశాను.

అమ్మాయి మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ తొంభై తొమ్మిదితో క్లాసులో కూర్చోనిచ్చింది గాని వందోది మాఫీ చేయలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి మూడో ఏడాది. సెలవులకు ఊరికి పోయి వచ్చిన ప్రతిసారీ మేడమ్ అడుగుతుందట: “మీ నాయన ఇచ్చినాడా?”

మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. ఊళ్లో ఒక మధ్యాహ్నం నాయన నులకమంచం మీద కునుకు తీస్తుంటే, పక్కన కూర్చుని మామూలుగా చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుందట. మూడు వేళ్లు మెల్లగా జరిపిందట. గోడ గడియారం చూస్తూ అర నిమిషం దాకా వచ్చేసరికి ఆయన ఒక కన్ను తెరిచి, “దొంగా!” అని చెయ్యి లాగేసుకున్నాడట.

“ముప్పయ్నాలుగు దాకా వచ్చినాను సార్” అంది. “నాడి బాగుండాది. గట్టిగా, సమంగా కొట్టుకుంటా ఉండాది.” నా మొహం చూడకుండా అడిగింది: “రెండు పెట్టి హెచ్చిద్దామా?”

నా బతుకంతా లెక్కలే. అయినా ఆ గుణకారం నేను చేయలేదు. వద్దమ్మా అన్నాను. కాబట్టి ఈ రోజుకు ఆ తండ్రి కూతురికి బాకీ: అర నిమిషం.